చవక ఫీజు సాయంత్రం క్లాసులు: ఏడేళ్ళ తర్వాత

నలభై ఆరో ఏట మొదటిసారి చేరాను. ఇప్పుడు యాభై మూడు. ఈ ఏడేళ్ళలో తొమ్మిది కోర్సులకు పేరిచ్చాను. అయిదు పూర్తయ్యాయి, రెండు నేనే మధ్యలో మానేశాను, రెండు మొదలవకుండానే రద్దయ్యాయి. ఈ క్లాసుల గురించి రాసేవాళ్ళు ఎక్కువగా మొదటి వారం ఉత్సాహంలోనో, రద్దయిన రోజు కోపంలోనో రాస్తారు. నాకిప్పుడు ఆ రెండూ చల్లారాయి.

నేను చెప్పేది పెద్దవాళ్ళ కోసం ఊరుమ్మడిగా నడిపే తరగతుల సంగతి. వారానికోసారి, రెండు గంటలు, పది పన్నెండు వారాలు. ఏం చదువుకున్నావని అడగరు. స్కూలో, లైబ్రరీయో ఖాళీగా ఉన్న వేళ గది వాడుకుంటారు కాబట్టి ఖర్చు తక్కువ, అందుకే ఫీజూ తక్కువ. ప్రైవేటు శిక్షణలో నాలుగు క్లాసులకయ్యే డబ్బు నాకిక్కడ కోర్సు మొత్తానికి సరిపోయింది. కాకపోతే కూర్చోవాల్సింది పిల్లల బెంచీల మీద. స్ప్రెడ్‌షీట్ కోర్సులో రెండో వారానికే వెంట ఓ చిన్న దిండు తీసుకెళ్ళడం నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కోర్సులో గట్టిగా నేర్చుకున్నది అదొక్కటే. మిగతాదంతా ఇంట్లో కూర్చుని వీడియోల్లో చూసుకోవచ్చు.

మట్టిపని అలా కాదు. చేరకముందు సారె మీద కుండ చేసే వీడియోలు బోలెడు చూశాను. అంతా తెలుసనుకునే వెళ్ళాను. మూడు వారాలు మట్టిముద్ద నడిమికి రాలేదు. సారె తిరుగుతున్నంతసేపూ చేతుల్లో ఎగిరెగిరి పడేది. పక్క సీటాయన ముద్ద మాత్రం బుద్ధిగా నిలబడేది. నాలుగో వారం టీచరుగారు నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. నా వేళ్ళకేసి చూడనే లేదు. ఎడమ మోచేతి మీద ఒక వేలు ఆనించి, "ఇది గాల్లో ఉందండీ, తొడకి ఆనించుకోండి" అన్నారు. ఆనించాను. అంతే, ముద్ద నిలబడింది. వీడియోల్లో కెమెరా ఎప్పుడూ చేతివేళ్ళ మీదే ఉంటుంది, మోచెయ్యి అందులోకి రాదు. వచ్చినా, నా మోచెయ్యి గాల్లో ఉందని ఆ వీడియో నాకు చెప్పలేదు కదా.

నేను చేసిన మొదటి కప్పు ఆవంలో పేలిపోయింది. పోతూ పోతూ పక్కాయన గిన్నె అంచు కూడా పగలగొట్టింది. ఆయన ఏమీ అనలేదు, అదింకా సిగ్గనిపించింది. గాలిబుడగల వల్లే పేలుతాయని క్లాసులో అందరూ అంటుంటారు. టీచరుగారు పెంకు ఒకటి తీసి అడుగు మందం చూపించారు, దాదాపు నా బొటనవేలంత ఉంది. అసలు దోషి తడి. గోడ మందంగా ఉంటే పైన ఆరినట్టే కనిపించినా లోపల తేమ మిగిలిపోతుంది. వేడి నూరు డిగ్రీలు దాటేసరికి అది ఆవిరవుతుంది, బయటికి దారి లేక పగలగొట్టుకుని వస్తుంది. తర్వాత అడుగు పలచగా గీకి, రెండు వారాలు ఆరనిచ్చి ఇచ్చాను. మళ్ళీ ఏదీ పేలలేదు. చేరేవాళ్ళు ఒకటి ముందే అడిగి తెలుసుకోండి: మట్టి, మెరుగు పూత, కాల్పు, వీటికి డబ్బు విడిగా కట్టాలా అని. నాకు ఆ పైఖర్చులే ఫీజులో సగమయ్యాయి. చేరేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

స్పానిష్ కోర్సులో ఇంకో రకం అనుభవం. ఆ భాషలో 'పెరో' అంటే 'కానీ', ర గట్టిగా దొర్లిస్తే 'పెర్రో', కుక్క. మొదటి నెలంతా నేను ప్రతి వాక్యం మధ్యలో 'కుక్క' అంటున్నానట. చిన్నప్పుడు ఓనమాలలో బండి ఱ దిద్దాం గానీ నోటితో తేడా పలికిందెప్పుడు? టీచరు వదిలిపెట్టలేదు, అన్నప్పుడల్లా ఆపి మళ్ళీ అనిపించారు.

వారానికోసారి క్లాసంటే మధ్యలో ఆరు రోజులు మరిచిపోవడానికే. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాలు తానే బట్టీపట్టి, తన మరుపును తానే కొలుచుకుని 1885లో అచ్చేశాడు. నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతుందని అందులో తేలింది. అది తెలిశాక క్లాసు మర్నాడు పొద్దున్నే పావుగంట నోట్సు తిరగేసే అలవాటు చేసుకున్నాను. ఒక్క ఈ పని చెయ్యకపోతే చవక ఫీజు కూడా దండగే.

నా అసలు ఫిర్యాదు రెండో మెట్టు లేకపోవడం. స్పానిష్ క్లాసులో ఒకావిడ అదే ప్రారంభ కోర్సుకి మూడోసారి వచ్చింది. పై స్థాయి పెడతామంటారు, చేరేవాళ్ళు కనీస సంఖ్యకి రారు, రద్దు. నాకు రద్దయిన రెండూ అలాంటివే, ఒకటి స్పానిష్, ఒకటి బొమ్మలు గీయడం. అందులో ఒకదాని డబ్బు వెనక్కి రావడానికి రెండు నెలలు, నాలుగు ఉత్తరాలు పట్టాయి.

స్పానిష్ రద్దయ్యాక ఎనిమిది మందిమి టీచరు లేకుండానే కలుసుకోవడం మొదలుపెట్టాం. ఇది కొత్త ఆలోచనేం కాదు. 1973లో ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో పెద్దవయసు వాళ్ళ కోసం యూనివర్సిటీ ఆఫ్ ది థర్డ్ ఏజ్ మొదలైనప్పుడు దాన్ని విశ్వవిద్యాలయమే నడిపింది. 1980ల్లో బ్రిటన్ చేరేసరికి సభ్యులే ఒకరికొకరు చెప్పుకునే పద్ధతైంది. ఖర్చు దాదాపు ఉండదు. మాకూ ఆర్నెల్లు భేషుగ్గా సాగింది, బెరుకు పోయింది, గడగడా మాట్లాడేస్తున్నాం. ఓ రోజు పాత టీచరు పలకరించడానికి వచ్చారు. "ఎలా ఉన్నారు" అంటే అందరం వరసగా 'సోయ్ కన్సాదో' అన్నాం, అలసిపోయామని మా ఉద్దేశం. ఆవిడ నవ్వాపుకోలేకపోయారు. అలసటకి 'ఎస్తోయ్' అనాలి. మేమన్నదానికి అర్థం, నేను విసిగించే మనిషిని అని. ఎనిమిది మందీ ఒకే తప్పు చేస్తుంటే దిద్దేదెవరు? ఫీజు కట్టేది పాఠానికి కాదని నాకు బాగా అర్థమైంది అప్పుడే. పాఠం ఎక్కడైనా దొరుకుతుంది. నా తప్పు పట్టుకునే మనిషికి కడుతున్నాను.

అందుకే కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్ కంటే ముందు ఎంతమందిని చేర్చుకుంటారో అడుగుతాను. పదిహేను దాటితే టీచరు మన దాకా రాలేరు. నేను మానేసిన ఫొటోగ్రఫీలో ముప్పై మందిమి. గురువుగారు రెండు గంటలూ తాను తీసిన ఫొటోలే తెర మీద చూపించేవారు, మావి ఒక్కటీ చూడలేదు. నాలుగో వారం నుంచి వెళ్ళలేదు. రెండోసారి మానేయడంలో తప్పు నాదే, ఆఫీసు వేళలు చూసుకోకుండా చరిత్ర క్లాసుకి చేరాను.

పరీక్ష లేదని, సర్టిఫికెట్‌కి విలువ లేదని కొందరి గొణుగుడు. పరీక్ష లేకపోవడం కొత్త సంగతేం కాదు. ఇప్పటి డెన్మార్క్‌లోని రోడింగ్‌లో 1844లో పెద్దవాళ్ళ కోసం తెరిచిన తొలి 'ఫోక్ హైస్కూల్'కి, అంటే సామాన్య జనం చదువుకునే బడికి, ప్రేరణ గ్రుంట్‌విగ్ అనే డెన్మార్క్ మతబోధకుడి ఆలోచనలు. ఆయనకి పరీక్షలంటేనే గిట్టదు. ఉద్యోగానికి కాగితం కావాలంటే ఈ క్లాసులకి రాకండి, ఊరికే నిరాశపడతారు.

ఈ నెల పదో కోర్సుకి పేరిచ్చాను. చెక్కపని, మొదటి మెట్టే. పన్నెండు మంది ఉంటేనే మొదలుపెడతారట, నిన్నటికి పది మందిమి. మా బావగారికి ఫోన్ చేశాను. ఆలోచించి చెప్తానన్నారు. ఇంకొకరు కావాలి.