ఎడమ చెవి దగ్గర గంట: పద్నాలుగు నెలలు వీఆర్ హెడ్‌సెట్ వాడాక

వీఆర్ హెడ్‌సెట్ అంటే కళ్ళకి పెట్టుకుంటే చుట్టూ ఒక బొమ్మల లోకం ఉన్నట్టే చూపించే పరికరం. స్ట్రోక్ తర్వాత చికిత్సకి నేను వాడాను. దాని బరువెంత, చార్జింగ్ ఎంతసేపు ఉంటుంది, బొమ్మలు ఎంత బాగుంటాయి అనేవి నేను రాయను. అవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పాల్సింది ఒక గంట గురించి. ఎడమ చెవి దగ్గర ‘టింగ్’ మని మోగే చిన్న గంట. దాని మీద నాకు ఇంకా కోపం పోలేదు.

నాకు మెదడులో కుడివైపు స్ట్రోక్ వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కాలు చాలావరకు తేరుకుంది, కర్రతో నడుస్తాను. కాళ్ళూ చేతుల కంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఎడమవైపు అనేదే నాకు లేకుండా పోయింది. కంటి లోపం కాదు, కంటి డాక్టరు రెండుసార్లు చూసి బాగానే ఉన్నాయన్నారు. అటు చూడాలన్న ధ్యాసే పుట్టదు. దీన్ని నెగ్లెక్ట్ అంటారట. కంచంలో కుడి సగం తినేసి ‘ఇంకో రెండు ఇడ్లీ వెయ్యి’ అనేవాణ్ణి. మా ఆవిడ ఏమీ అనకుండా కంచం తిప్పేది. ఇడ్లీలు వచ్చేవి. ఆమె వడ్డించిందనే అనుకునేవాణ్ణి.

మండపేటలో ఓ రైసుమిల్లు పద్దులు ముప్పై ఒక్క ఏళ్ళు రాసినవాణ్ణి నేను. అలాంటిది 1,24,500 చూసి 500 అని చదివాను. బస్సు బోర్డు మీద రామచంద్రపురం నాకు ఉత్త ‘పురం’. విడ్డూరం ఏమిటంటే, నాలో లోపం ఉందని ఒక్కసారి కూడా అనిపించలేదు. బ్యాంకువాడే అంకెలు తప్పు వేశాడని వాదించాను.

హైదరాబాద్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉండి స్ట్రోక్ వచ్చినవాళ్ళు కోలుకోవడానికి సాధన చేయించే ఒక రిహాబ్ సెంటర్‌కి వెళ్ళాను. మొదటి రోజు థెరపిస్ట్ అమ్మాయి ‘అంకుల్, కళ్ళు మూసుకుని మీ మిల్లు గేటు దగ్గర నిలబడ్డట్టు అనుకోండి, ఏమేం కనిపిస్తున్నాయో చెప్పండి’ అంది. లారీ కాటా, ఆఫీసు గది, సైకిల్ స్టాండు, జామచెట్టు చెప్పాను. ‘ఇప్పుడు వెనక గోడ దగ్గర నిలబడి గేటు వైపు చూడండి’ అంది. ఊక గుట్ట, బాయిలరు, గోడౌను చెప్పాను. మా అమ్మాయి పక్కనే రాసుకుంటోంది. రెండు జాబితాలూ నా ముందు పెట్టారు. మొదటి దాంట్లో ఉన్నవి రెండో దాంట్లో ఒక్కటీ లేవు. రెండుసార్లూ నేను నిలబడ్డ చోటి నుంచి కుడివైపువే చెప్పాను. 1978లో ఇటలీలో బిసియాక్, లుజాటి అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పరీక్ష మిలాన్‌లోని పెద్ద చర్చి (కెథడ్రల్) ముందున్న చౌరస్తాతో చేశారట. కంటి ముందున్నది సరే, మనసులో ఉన్న మిల్లు కూడా సగమే మిగిలిందని తెలిసిన ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వీఆర్ ఆ తర్వాత వారం మొదలైంది. ముందు నాకు తెగ నచ్చింది. అంతకుముందు కాగితం మీద అచ్చువేసిన నక్షత్రాలు వెతికి కొట్టెయ్యమంటే చిన్నపిల్లల పనిలా ఉండేది. ఇందులో అలా కాదు, నిజంగా బజార్లో కూర్చున్నట్టే ఉంటుంది. రెండు పక్కలా తోపుడు బళ్ళు. జాబితా ప్రకారం ఇరవై సరుకులు వెతికి కుడి చేత్తో పట్టుకోవాలి. వస్తువులు మొదట కుడివైపు వస్తాయి, తర్వాత మధ్యకి, తర్వాత మెల్లగా ఎడమకి జరుగుతాయి. మూడు సెకన్లలో అటు తిరగకపోతే ఎడమ చెవి దగ్గర గంట మోగుతుంది. తల తిప్పితే అరటిపళ్ళ బండి! అప్పటిదాకా లేని బండి. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్పడానికేం.

సెంటర్‌లో ఐదు వారాలయ్యాక హెడ్‌సెట్ అద్దెకు తెచ్చుకున్నాం, నెలకు 6,500. రోజూ అరగంట. మూడో నెలకి నా మార్కులు 94 దాటాయి. ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టి ‘ఎడమవైపు తిరిగొచ్చింది’ అని రాశాను. మా బావగారి స్నేహితుడికి స్ట్రోక్ వస్తే, ఎంతైనా సరే ఇది కొనమని ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి.

నాలుగో నెలలో ఒక సోమవారం ఉదయం ఎప్పట్లాగే పెట్టుకున్నాను. బజారు వచ్చింది. కుడివైపు బళ్ళున్నాయి. ఎడమవైపు ఒక్కటీ రాలేదు. ఆట అయిపోయింది, 52 మార్కులు. మళ్ళీ ఆడాను, 49. మెషిన్ పాడైందని అద్దెకిచ్చిన వాళ్ళకి ఫోన్ చేశాను. ‘ఎడమ పక్క సరుకు దిగట్లేదు’ అన్నాను, మిల్లు భాషలో. ఆ కుర్రాడు ఆఫ్ చేసి ఆన్ చెయ్యమన్నాడు. చేశాను. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యమన్నాడు. మనవడు చేసిపెట్టి స్కూలుకి పోయాడు. అయినా అదే తంతు. ఈ నెల అద్దె కట్టనని గట్టిగానే అన్నాను. పాపం, ఆ కుర్రాడు ‘సరే సార్, రేపు మనిషిని పంపిస్తాం’ అన్నాడు.

సాయంత్రం మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి, నేను చూసేది అందరికీ కనబడేలా టీవీకి కలిపింది. నేను హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ సోఫాలోంచి ‘అదేమిటండీ, ఇటు పక్క బండి నిండా మామిడిపళ్ళున్నాయి కదా’ అంది.

‘ఎక్కడ?’

‘ఇదిగో, ఇటు.’

ఇటు అంటే ఎటో నాకు అర్థం కాలేదు. ఆమె లేచి వచ్చి, నా కుర్చీకి ఎడమవైపు చేతి మీద స్టీలు గ్లాసుతో టకటకా కొట్టింది. చప్పుడు ఎటు వస్తే తల అటు తిరిగింది. మామిడిపళ్ళు, పక్కన కొబ్బరిబొండాలు, దాని పక్కన పూలబుట్ట. అన్నీ అక్కడే ఉన్నాయి. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాయి.

పాడైంది మెషిన్ కాదు. ఆదివారం అర్ధరాత్రి మా మనవడు దాంట్లో దొంగచాటుగా షూటింగ్ ఆట ఆడాడు. అమ్మమ్మకి వినబడకుండా సౌండ్ పూర్తిగా తగ్గించి, తిరిగి పెంచడం మర్చిపోయాడు. అంతే. గంట మోగలేదు కాబట్టి నేను తిరగలేదు. తిరగలేదు కాబట్టి నాకు బండి లేదు.

మర్నాడు థెరపిస్ట్‌కి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్నే ‘గంట ఏ లెవెల్లో ఉంది అంకుల్?’ అని. లెవెల్స్ ఉంటాయని నాకేం తెలుసు! ఆ గంట కర్రలాంటిది, కాలు కుదురుకునే కొద్దీ తీసెయ్యాలి. సెంటర్‌లో తను వారం వారం తగ్గిస్తూ వచ్చిందట. ఇంటికిచ్చిన హెడ్‌సెట్‌లో మాత్రం అది మళ్ళీ మొదటికొచ్చి పూర్తి జోరులో కూర్చుంది. మార్చే మెనూ థెరపిస్టులకి మాత్రమేనట, దానికో పిన్ నంబరు. అద్దెకిచ్చిన వాళ్ళు మాకు చెప్పలేదు, మేం అడగలేదు. అంటే నాలుగు నెలలు నేను నేర్చుకున్నది ఎడమవైపు చూడటం కాదు, గంట వినడం. 94 మార్కులు గంటవి. నావి 52.

నా కోపం ఇదే. తప్పు ఎక్కడుందో చూపించే అంకె ఒక్కటి కూడా తెర మీద ఉండదు. పద్దుల్లో అప్పు తెచ్చిన డబ్బు జమలో రాసి లాభం అని చూపిస్తే ఊరుకుంటామా? గంటతో వచ్చిన మార్కులు ఒక గడిలో, గంట లేకుండా వచ్చినవి ఇంకో గడిలో వేస్తే ఏం పోయింది? మెషిన్ దగ్గర లెక్క ఉంది కూడా. తల ఎప్పుడు ఎటు తిరిగిందో చుక్కల బొమ్మగా దాచుకుంటుంది. పిన్ వచ్చాక ఆ సోమవారం బొమ్మ చూశాను, చుక్కలన్నీ కుడివైపే ఈగల్లా ముసిరి ఉన్నాయి. మా ఆవిడ ఆరు నెలలు చెప్పినా నమ్మని మాట ఆ బొమ్మ చూసి నమ్మాను. తన మాట కాకుండా బొమ్మని నమ్మానని ఆమెకి ఇంకా కష్టంగానే ఉంది.

అక్కడి నుంచి గంటని ఐదు మెట్లలో తగ్గించాం. మొదటి మెట్టు దిగగానే 58. నెల రోజులు 60ల్లోనే కొట్టుకున్నాను, రెండుసార్లు హెడ్‌సెట్ పక్కన పడేశాను. ఇప్పుడు గంట అసలు లేకుండా పొద్దున్న పూట 80 దాకా వస్తుంది, మధ్యాహ్నం నిద్ర లేచాక ఆడితే 65. అలసట ఇంత తేడా చేస్తుందని మాత్రం ఈ మెషినే నాకు చూపించింది. బ్యాంకు కాగితాలు ఇప్పుడు పొద్దున్నే చూస్తాను.

బజారు ఆటలో 80 వస్తే బజార్లోనూ 80 వస్తుందా అంటే, లేదు. ఇడ్లీ కంచం దాదాపు బాగుపడింది. గడ్డం ఎడమ చెంప మీద ఇంకా మిగులుతుంది. చదవడానికి పనికొచ్చింది వీఆర్ కంటే ఒక ఎర్ర స్కెచ్‌పెన్ను. కాగితం ఎడమ అంచున మందంగా గీత గీసుకుని, ఆ గీత కనబడేదాకా వెనక్కి వెళ్ళి అప్పుడు లైను మొదలుపెడతాను. పది రూపాయల వస్తువు. రోడ్డు ఒంటరిగా దాటను. మండపేట వెళ్ళినప్పుడు బ్యాటరీ ఆటో ఒకటి ఎడమవైపు నుంచి చప్పుడు లేకుండా వచ్చి నా కర్రకి తగిలింది. అప్పటినుంచి మా ఆవిడ ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే నడుస్తుంది.

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి నా దగ్గర తిన్నని జవాబు లేదు. నెగ్లెక్ట్ మొదటి కొన్ని నెలల్లో చాలామందికి కొంత దానంతటదే తగ్గుతుందట. నాకు తగ్గినదాంట్లో మెషిన్ వాటా ఎంతో విడదీసి రాయలేను. మందులు కాకుండా చేసే ఇలాంటి చికిత్సల మీద వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కొక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2021లో 65 ప్రయోగాలు, 1,951 మంది లెక్కలు కలిపి చూశారని, రోజువారీ పనుల్లో ఏది పనికొస్తుందో గట్టిగా చెప్పేంత ఆధారం దొరకలేదన్నారని మా అమ్మాయి చదివి చెప్పింది. నాకు కుడి చెయ్యి బాగుంది, చూపు బాగుంది, హెడ్‌సెట్ పట్టీ బిగించడానికి ఇంట్లో ఎప్పుడూ ఒకరున్నారు. ఒక చేత్తో ఆ పట్టీ బిగించుకోవడం నావల్ల ఈరోజుకీ కాదు. మొదటి వారం హెడ్‌సెట్‌లోనే ఉన్న రోడ్డు ఆటలో కళ్ళు తిరిగాయి, కుర్చీలో కూర్చుని ఆడితే సర్దుకుంది. ఇవేవీ లేని మనిషికి నేను 94 చూపించి ఆశపెట్టకూడదు. బావగారి స్నేహితుడికి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను కూడా. అప్పటికే కొనేశారు.

నేను మాత్రం ఇంకో రెండు నెలలు అద్దె కట్టాను. మీరు తీసుకునేట్టయితే అడ్వాన్సు ఇచ్చే ముందు, గంట తగ్గించే పిన్ నంబరు మీ థెరపిస్ట్ దగ్గరుందా, మీ చేతికిస్తారా అని అడగండి. రోజూ పెట్టుకునే ముందు సౌండ్ ఎంతుందో ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా ఇంట్లో పద్నాలుగేళ్ళ కుర్రాడుంటే.