లివర్ సిర్రోసిస్‌లో ప్రోటీన్ తగ్గించాలా, పెంచాలా?

"నాన్నకి సిర్రోసిస్ అన్నారు. పప్పు, గుడ్డు మాన్పించి చారన్నం పెడుతున్నాం, మంచిదేనా?" ఈ ప్రశ్న అడిగేవాళ్లు తగ్గడం లేదు.

మాన్పించడంలో తర్కం లేకపోలేదు. ప్రోటీన్ అరిగితే వచ్చే అమైనో ఆమ్లాల నుంచి విడిపడే అమ్మోనియాను కాలేయం యూరియాగా ఎలా మారుస్తుందో 1932లో క్రెబ్స్, హెన్సెలైట్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. సిర్రోసిస్‌తో కాలేయం గట్టిపడితే ఆ పని కుంటుపడి, అమ్మోనియా మెదడుకు చేరి మగత, తికమక తెస్తుంది. అందుకే ఒకప్పుడు డాక్టర్లే ప్రోటీన్ తగ్గించమనేవారు.

కానీ తిండిలో ప్రోటీన్ చాలకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. అందులోంచి వచ్చేదీ అమ్మోనియానే! పైగా రక్తంలోని అమ్మోనియాను పట్టి గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లంగా మార్చేది కండరమే. కాలేయం చేతులెత్తేసినప్పుడు ఆదుకునేదాన్ని పథ్యం పేరుతో మనమే పోగొడుతున్నాం. 2004లో వెలువడిన ఒక స్పెయిన్ అధ్యయనంలో, మెదడు మందగించి ఆసుపత్రిలో చేరినవాళ్లకు ప్రోటీన్ తగ్గించినా అదనపు మేలేమీ కనిపించలేదు, ఒంట్లో ప్రోటీన్ విచ్ఛిన్నం మాత్రం పెరిగింది. ఇప్పటి మార్గదర్శకాలు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు తినమంటున్నాయి. పొట్టలో నీరుంటే ఆ బరువు తీసేసి లెక్కకట్టాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే కాబట్టి చారన్నంతో ఇది తేలే లెక్క కాదు.

పప్పా, మాంసమా అంటే నా ఓటు పప్పు, పాలు, పెరుగుకే. పప్పులోని పీచు వల్ల విరేచనం సాఫీగా అయి, పేగుల్లోని అమ్మోనియా కొంత బయటికి పోతుంది. అయితే నీటితో బిగిసిన పొట్టకు పప్పు ఒక్కటే ఎక్కువగా పట్టదు. గుడ్డు, చేప అలవాటున్నవాళ్లు పూర్తిగా మానక్కర్లేదు.

బీసీఏఏ (కొన్ని రకాల అమైనో ఆమ్లాల) పొడులు మగతకు కొంత ఉపయోగపడతాయి, ఖరీదెక్కువ. తిండి సహించేవాళ్లకు అవసరం లేదు. పుట్టుకతో యూరియా చక్రం (అమ్మోనియాను యూరియాగా మార్చే ప్రక్రియ) లోపమున్న పిల్లల సంగతి వేరు, వాళ్లకు ప్రోటీన్ నిజంగానే తగ్గించాలి.

ఎంత తిన్నారన్నదానికంటే ఎప్పుడు తిన్నారన్నదే నాకు ముఖ్యం. జబ్బుపడ్డ కాలేయంలో గ్లైకోజెన్ (దాచుకున్న గ్లూకోజ్) నిల్వ తక్కువ. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున ఎనిమిదికి టిఫిన్ చేస్తే, ఆ పన్నెండు గంటలు వాళ్ల ఒంటికి రెండు మూడు రోజుల పస్తుతో సమానం. నడిరేయికే కండ కరిగి గ్లూకోజ్ అవుతుంటుంది. పడుకునేముందు మూడు ఇడ్లీలు, గ్లాసు పాలు ఇవ్వండి. షుగర్ ఉంటే డాక్టర్ని అడిగి ఇవ్వండి. ఊరగాయ మాత్రం వద్దు, నీరు చేరినవాళ్లకు ఉప్పు పడదు. శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం కూడా ఇక మానేయమని పెద్దాయనకు నచ్చజెప్పండి.