పెట్టె బాగుంది, లోపల దేవుణ్ణి కోసేశారు

999 రూపాయలకి ఆరు పుస్తకాలు, గట్టి అట్టపెట్టె, వీపుల మీద బంగారు రంగు అక్షరాలు. హాల్లో షోకేసులో పెట్టుకోవడానికైతే ఇంతకన్నా చవగ్గా దొరకదు. చదవడానికే కొనేవాళ్ళు మాత్రం కాస్త ఆగండి.

విజయనగరంలో ఈమధ్య పెట్టిన పుస్తకాల ఎగ్జిబిషన్‌లో మా మేనకోడలు ఎంచిన సెట్టు ఇది. ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతోంది, ఈ సెమిస్టర్‌లో పందొమ్మిదో శతాబ్దం పేపరుంది. పెట్టె మీద 'చావు, విశ్వాసం, ప్రతీకారం' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో వేశారు. "అత్తా, మా సిలబస్ మొత్తం ఒక్క పెట్టెలో ఉంది, టెన్షన్ పోయింది" అని మురిసిపోయింది. ప్రచురణకర్త పేరు రాయను. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి, అటక మీది నా పాత కాపీలు దించి, పక్కన పెట్టుకుని చూశాను.

ముందు కాగితం సంగతి. పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తాయి. కుట్టు లేదు, ఉత్త గమ్ము. తిమింగలం వేట నవల మోబీ డిక్ మధ్యకి తెరిస్తే నాలుగు కాగితాలు చేతిలోకి వచ్చాయి. కోట దగ్గర బైండింగ్ చేసే ఆయనకి చూపిస్తే, "కుడదామంటే మార్జినేదమ్మా, సూదెక్కడ దింపను?" అని తిరిగిచ్చేశాడు. అక్షరం సైజు పర్వాలేదు, కళ్ళజోడుతో ఇబ్బంది లేదు.

అసలు బాధ వేరే. ఇవి సంక్షిప్త ప్రతులు. ఆ ముక్క వెనక అట్ట మీద, బార్‌కోడ్ పక్కన, కంటికి ఆనని అక్షరాల్లో ఉంటుంది. కుదించడం పాపమేం కాదు, నేనూ క్లాసులో కుదించి చెప్పినదాన్నే. కానీ ఏం కోశారో చూస్తే ఒళ్ళు మండింది. నవలల్లో దేవుడి ప్రస్తావన వచ్చినచోటల్లా కత్తెర వేశారు. చావులు ఉంచారు, పగ ఉంచారు.

వదరింగ్ హైట్స్ చూడండి. ఎమిలీ బ్రాంటీ 1847లో ఎల్లిస్ బెల్ అన్న మారుపేరుతో వేసిన నవల. ఆ ఇంట్లో పెంచుకున్న అనాథ హీత్‌క్లిఫ్ ఇంకా కుర్రాడిగా ఉన్నప్పుడే, తనని అవమానించిన ఆ ఇంటి కొడుకు హిండ్లీ మీద పగ ఎలా తీర్చుకోవాలా అని కూర్చుని ఆలోచిస్తుంటాడు. చెడ్డవాళ్ళని దండించడం దేవుడి పని, మనం క్షమించాలి అంటుంది ఇంట్లో పనిచేసే నెల్లీ. నాకు దక్కే తృప్తి దేవుడికి దక్కదుగా అంటాడు వాడు. నవల మొత్తానికి వేరు ఈ మాటలోనే ఉంది. ఈ ప్రతిలో అది లేదు. పొద్దస్తమానం బైబిలు పట్టుకుని అందర్నీ శపించే ముసలి నౌకరు జోసెఫ్ తలుపు తీయడానికి తప్ప కనిపించడు.

అంతకన్నా ఘోరం, హీత్‌క్లిఫ్ ప్రేమించిన కేథరిన్, అంటే హిండ్లీ చెల్లెలు, చనిపోయాక కథ ఒక్క పేజీలో ముగించేశారు. ఆమె చనిపోయేది పదహారో అధ్యాయంలో. మొత్తం 34. అంటే సగం నవల ఎగిరిపోయింది! ఆ పోయిన సగంలోనే హీత్‌క్లిఫ్ రెండిళ్ళూ చేజిక్కించుకుంటాడు, హిండ్లీ కొడుకుని మొరటువాడిగా పెంచుతాడు, కేథరిన్ కూతుర్ని ఇంట్లో కట్టిపడేస్తాడు. పగ సాధించడానికి ఇక అడ్డేమీ లేని రోజున ఆ పిల్ల జుట్టు పట్టుకుంటాడు, ఉన్నట్టుండి వేళ్ళు సడలిపోతాయి. దెబ్బ కొట్టడానికి చెయ్యెత్తాలని కూడా లేదని తర్వాత తనే నెల్లీతో చెబుతాడు. ఇదంతా తీసేస్తే పరీక్షలో పిల్లలు హీత్‌క్లిఫ్‌ని ప్రేమికుడు అని రాయక ఇంకేం రాస్తారు?

మన ఊరివాళ్ళకి దీన్ని వివరించడం తేలిక. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. కొన్ని రాత్రుల తర్వాత తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచి చంపాడు. కథ అక్కడ ఆగిందా? అన్న చావు విని చెల్లెలు పైడిమాంబ పెద్ద చెరువులో ప్రాణం వదిలిందని, అమ్మవారై వెలిసిందని కదా చెప్పుకుంటాం. దసరా తర్వాతి మంగళవారం పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, కోట దాకా మూడుసార్లు తిరిగేది అందుకే కదా. సిరిమానుని వదిలేసి డేరాలో హత్య ఒక్కటే అచ్చు వేస్తే ఎలా ఉంటుందో, ఈ సెట్టు అలా ఉంది.

మాంటీ క్రిస్టో కూడా అంతే. పద్నాలుగేళ్ళు ద్వీపం జైల్లో మగ్గిన డాంటెస్, బయటికొచ్చి దేవుడే తనని శిక్షకుడిగా పంపాడని నమ్ముతాడు. తనని జైల్లో వేయించిన విల్‌ఫోర్ భార్య తన చిన్న కొడుక్కి కూడా విషం పెట్టి తానూ చనిపోయినప్పుడు, హద్దు దాటానా అని మొదటిసారి వణుకుతాడు. ఈ ప్రతిలో పసివాడి చావు లేదు, కాబట్టి వణుకూ లేదు. డబ్బున్న హీరో గెలిచి ఓడెక్కి వెళ్ళిపోతాడు. మోబీ డిక్‌లో, తన కాలు తీసిన తిమింగలం మీద పగబట్టిన ఓడ కెప్టెన్ ఏహాబ్ సైతాను పేరుతో బల్లానికి బాప్టిజం ఇచ్చే సీను ఉంచారు, థ్రిల్లుంటుందనేమో. నోరులేని జంతువు మీద పగ పట్టడం దైవదూషణ అని అతని కింది అధికారి స్టార్‌బక్ అడ్డుపడే మాట మాత్రం లేదు.

టాల్‌స్టాయ్ నవల అన్నా కరేనినా మొదటి పేజీలో, పగ నాది, నేనే తిరిగి చెల్లిస్తాను అన్న బైబిలు వాక్యం ఉండాలి. తీసేశారు. రైలు కింద అన్నా చావుతో పుస్తకం ఐపోయింది. నవలలో రెండో ముఖ్యపాత్ర లేవిన్ దేవుణ్ణి వెతుక్కునే ఎనిమిదో భాగం లేదు. దీనికి పాత పాపం ఒకటుంది లెండి. 1877లో సీరియల్‌గా వేస్తున్న పత్రిక సంపాదకుడు కట్కోవ్, సెర్బియా యుద్ధానికి వెళ్ళే వాలంటీర్ల గురించి టాల్‌స్టాయ్ రాసింది నచ్చక, ఆ భాగం వెయ్యనన్నాడు. టాల్‌స్టాయ్ సొంతంగా విడిగా అచ్చు వేయించుకున్నాడు. ఆ సంపాదకుడికి రాజకీయ కారణమైనా ఉంది.

కవితల పుస్తకం దగ్గర లెక్క తిరగబడింది. ఇక్కడ దేవుణ్ణి ఉంచి అనుమానాన్ని కోశారు. ఇంగ్లీషు కవి టెన్నిసన్ మిత్రుడు ఆర్థర్ హాలమ్ 1833లో వియన్నాలో, ఇరవై రెండేళ్ళకే చనిపోయాడు. ఆ దుఃఖం మీద టెన్నిసన్ పదిహేడేళ్ళపాటు రాసుకుంటూ పోయి, 1850లో పేరు వేసుకోకుండా ఇన్ మెమోరియమ్ ప్రచురించాడు. 131 విభాగాలు. సెట్టులో ఆరంభ ప్రార్థన ఉంది, కొత్త సంవత్సరం గంటల పాట ఉంది. ప్రకృతికి పళ్ళూ గోళ్ళూ నెత్తురోడుతుంటే ప్రేమే సృష్టి ధర్మమని ఎలా నమ్మాడు మనిషి, అని గొంతు పూడుకుపోయే 56వ విభాగం లేదు. చావింట్లో పరామర్శకి వచ్చి, అంతా మన మంచికే అని చెప్పి వెళ్ళే పెద్దమనిషిలా తయారైంది ఆ మహాకవి పద్యం.

అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్‌ని చూసి మరీ చిరాకేసింది. మృత్యువు మర్యాదస్తుడిలా బండి తెచ్చి ఎక్కించుకుపోయే కవితకి 'రథం' అని పేరుంది, ఆమె పెట్టిన డాష్ గీతలన్నీ పోయి కామాలొచ్చాయి, నాలుగో చరణం లేదు. ఆమె 1886లో చనిపోయాక, 1890లో తొలి సంపుటి వేసిన టాడ్, హిగ్గిన్‌సన్ చేసిన మార్పులవి. పేరు వాళ్ళు పెట్టిందే. 1955లో థామస్ జాన్సన్ వేసిన సంపుటిలో ఆమె రాసినట్టుగా వచ్చింది. పాత పాఠం మీద హక్కులు ఎప్పుడో తీరిపోయాయి, ఊరికే వస్తుంది, అందుకే చవక సెట్లవాళ్ళు దాన్నే ఎత్తిపోస్తారు. పోయిన ఆ నాలుగో చరణంలో ఏముందనుకున్నారు? సూర్యుడే మమ్మల్ని దాటిపోయాడు, మంచు కురుస్తోంది, నా ఒంటి మీద సాలెగూడంత పల్చటి బట్ట అంటుందామె. చలి పుట్టేది అక్కడే. అది లేకపోతే కవిత సాయంత్రం షికారు. మా పిల్లకి నా కాపీలోంచి చదివి వినిపిస్తే, "ఓలమ్మో, అంటే ఆవిడప్పటికే పోయిందా?" అంది.

టాల్‌స్టాయ్‌దే ఇవాన్ ఇల్యీచ్ మరణం ఒక్కటే కత్తెర పడకుండా బయటపడింది. చిన్నది కాబట్టి కోయడానికేం దొరికినట్టు లేదు. 1886లో వచ్చింది, చావు మీద ఇంత ఒణికించే పుస్తకం నేను ఇంకోటి చదవలేదు. గమ్ము కూడా ఊడలేదు. విడిగా అమ్మితే 150 ఇచ్చి కళ్ళకద్దుకుని తెచ్చుకోవచ్చు, విడిగా ఇవ్వరట.

సెట్టు మార్చమని మర్నాడు అడిగితే స్టాల్లో కుర్రాడు, "ఫుల్ బుక్ కావాలని ముందే చెప్పాలి మేడమ్" అన్నాడు. ఇలాంటి పెట్టెలు మీ ఊళ్ళోనూ వస్తాయి. సీలు విప్పించి ఆఖరి అధ్యాయం నంబరు చూడండి: వదరింగ్ హైట్స్‌కి 34, మాంటీ క్రిస్టోకి 117, మోబీ డిక్‌కి 135, ఆ తర్వాత చిన్న ముగింపు. అన్నా కరేనినాకి ఎనిమిది భాగాలు. సీలు విప్పనివ్వకపోతే పక్క స్టాలుకి వెళ్ళండి.