లాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్: 2021 నుంచి రోజూ వాడాక

హన్మకొండ నయీంనగర్‌లో ఒక చిన్న గదిలో కూర్చొని ఎనుమాముల మార్కెట్ అడ్తి (కమీషన్ వ్యాపారుల) దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంటాను. పత్తి, మిర్చి బస్తాలు కాంటా దిగాక రైతు చేతికి వచ్చే తక్‌పట్టీ (తూకం, ధర లెక్క రాసిన చీటీ) నా ప్రోగ్రాంలోంచే ప్రింటవుతుంది. ఆ కాగితంలో తప్పు పడితే నష్టపోయేది రైతే. అందుకే దుకాణానికి పంపే ముందు ప్రతి మార్పునూ లాప్‌టాప్‌లోని డేటాబేస్ మీద నడిపి చూసుకుంటాను. 2021 వానాకాలం నుంచి ఆ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. 13వ వెర్షన్‌తో మొదలుపెట్టి ఇప్పుడు 17 మీద ఉన్నాను.

అంతకు ముందు వెబ్ సర్వర్, పీహెచ్‌పీ భాష, మారియాడీబీ అనే డేటాబేస్ అన్నీ ఒకే మూటగా వచ్చే ప్యాకేజీ వాడేవాణ్ణి. ఐదు నిమిషాల్లో ఎక్కేది. కాలేజీ ప్రాజెక్టుకు అంతకు మించి అక్కర్లేదు. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే పనిచేయడం మానేసింది. మళ్ళీ ఆన్ చేస్తే డేటాబేస్ లేవలేదు. ఏదో వీడియోలో చూసి ఐబీడేటా1 అనే ఫైలు తీసేశాను. సర్వర్ లేచింది. టేబుళ్ళ పేర్లన్నీ వరుసగా కనబడ్డాయి, ఒక్కటి కూడా తెరుచుకోలేదు. ఏ టేబుల్ ఎక్కడుందో ఇన్నోడీబీ (మారియాడీబీలో టేబుళ్ళను దాచే భాగం) రాసుకునే పద్దు ఆ ఫైలులోనే ఉంటుందని తర్వాత తెలిసింది. నెలరోజులు కూర్చి పెట్టుకున్న టెస్ట్ డేటా అలా పోయింది. బ్యాకప్ తీసుకోకపోవడం నా తప్పే.

పోస్ట్‌గ్రెస్‌కు మారడానికి అసలు కారణం మాత్రం అది కాదు. ఒకరోజు దుకాణం గుమాస్తా ఫోన్ చేశాడు. "తమ్మీ, గీ జిల్లా పేరు సగమే వచ్చిందేంది?" వెళ్ళి చూస్తే తక్‌పట్టీ మీద "జయశంకర్ భూపాలపల్లి జ" అని ఉంది. ఆ కాలమ్‌కు 20 అక్షరాలు ఇచ్చాను. కంటికి ఆ పేరంతా కలిపి పన్నెండు అక్షరాలే. కంప్యూటర్ లెక్క వేరు. "ల్లా" మనకు ఒక్కటి, దానికి నాలుగు: ల, పొల్లు, మళ్ళీ ల, దీర్ఘం. అలా లెక్కిస్తే జిల్లా అన్న మాటతో కలిపి 25 అవుతుంది. ఆ ప్యాకేజీలో, పట్టని విలువల్ని ఆపే స్ట్రిక్ట్ మోడ్ ఆఫ్ చేసి ఉండటంతో చివరి ఐదూ కత్తిరించి మాట్లాడకుండా దాచేసింది. పోస్ట్‌గ్రెస్‌లో అదే పేరు అదే సైజు కాలమ్‌లో పెట్టబోతే విలువ చాలా పొడుగైందని ఎర్రర్ ఇచ్చి ఆపేసింది. నాకు కావలసింది అదే. తప్పు నా గదిలో నా ముందు బయటపడాలి, మార్కెట్లో రైతు ముందు కాదు. ఇప్పుడు పేర్లన్నీ పొడుగు హద్దు పెట్టనక్కర్లేని టెక్స్ట్ టైపులోనే పెడుతున్నాను, డబ్బులూ తూకాలూ లెక్క ఖచ్చితంగా ఉంచే న్యూమరిక్‌లో. అంకెను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌లో పైసలు పెట్టే పని ఎవరూ చేయకండి.

మొదట విండోస్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేశాను. రెండేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. రెండో దుకాణం సర్వర్‌లో వేరే వెర్షన్ ఉండటంతో, ఏ వెర్షన్‌నైనా విడిగా ఒక డబ్బాలో నడిపించే డాకర్‌కు మారాను. ఆ మొదటి రోజు మాత్రం బాగా సతాయించింది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా తప్పంటోంది. మూడు గంటల తర్వాత అర్థమైంది, పాత పోస్ట్‌గ్రెస్ ఇంకా 5432 పోర్టు (కనెక్షన్లు వచ్చే తలుపు నంబరు) మీదే నడుస్తోంది, నేను తలుపు కొడుతున్నది దాన్నే. డాకర్‌ది 5433కి మార్చాను, తీరిపోయింది. ఇంకో సంగతి, డాకర్ సెట్టింగులుండే కంపోజ్ ఫైలులో రాసే పాస్‌వర్డ్, డేటా దాచే వాల్యూమ్ మొదటిసారి తయారైనప్పుడే పనికొస్తుంది. తర్వాత ఫైలులో ఎన్నిసార్లు మార్చినా లోపల పాతదే ఉంటుంది.

నాది 8 జీబీ ర్యామ్. విండోస్‌లో డాకర్ డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటు) మీద నడుస్తుంది, వదిలేస్తే సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది. దాని కాన్ఫిగ్ ఫైలులో 3 జీబీకి కట్టేశాక ఎడిటరూ బ్రౌజరూ హాయిగా తెరుచుకుంటున్నాయి. పోస్ట్‌గ్రెస్ సొంతంగా అడిగేది తక్కువే, షేర్డ్ బఫర్స్ (డేటా పట్టి ఉంచుకునే ర్యామ్) మామూలుగా 128 ఎంబీ. ఒక్కడు కోడ్ రాసుకోవడానికి దాన్ని ముట్టుకోవాల్సిన పని ఇంతవరకు పడలేదు.

నన్ను నిజంగా భయపెట్టింది ఒకటే. జాగా కలిసొస్తుందని ఆల్పైన్ అనే చిన్న లినక్స్ మీద కట్టిన ఇమేజ్ (డాకర్ నడిపే తయారు ప్యాకేజీ) వాడాను. కొన్నాళ్ళకు సర్వర్‌లో ఉన్నట్టే ఉండాలని, అదే వాల్యూమ్‌ను మామూలు డెబియన్ లినక్స్ ఇమేజ్‌కు తగిలించాను. అంతా బాగానే లేచింది. శాయంపేట అని వెతికితే ఏమీ రాలేదు. జాబితా మొత్తం తెరిస్తే ఊరు అక్కడే ఉంది! ఊళ్ళ పేర్లను గుమాస్తాలు ఇంగ్లీషులో ఒకసారి పెద్ద అక్షరంతో, ఒకసారి చిన్న అక్షరంతో కొట్టారు. అక్షరాల వరుస తేల్చే ఆల్పైన్‌లోని సీ లైబ్రరీ వాటిని ఉత్త బైట్ల వరుసలో పేర్చింది, అంటే పెద్ద అక్షరాలన్నీ ముందు. డెబియన్‌ది భాష వరుస చూస్తుంది. వెతకడానికి వాడే సూచిక, అంటే ఇండెక్స్, పాత వరుసలో ఉంది, వెతికేవాడు కొత్త వరుసలో పోతున్నాడు. రీఇండెక్స్‌తో దాన్ని మళ్ళీ కట్టగానే శాయంపేట దొరికింది. ఇదే దుకాణం సర్వర్‌లో జరిగి ఉంటే, ఊరు లేదనుకొని గుమాస్తా ఇంకోసారి ఎక్కించేవాడు, లెక్కలు రెండుగా చీలేవి. అప్పటి నుంచి ఇమేజ్ మార్చాలంటే డేటా మొత్తాన్ని డంప్ ఫైలుగా తీసి కొత్త వాల్యూమ్‌లో పోస్తాను. పాత వాల్యూమ్‌ను కొత్త ఇమేజ్‌కు తగిలించను.

పెద్ద వెర్షన్ మారినప్పుడూ అంతే. ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని వదిలేస్తే, ఏదో ఒక పొద్దున కొత్త వెర్షన్ దిగి పాత ఫైళ్ళు తనకు సరిపడవని ఆగిపోతుంది. 13 నుంచి 17కి వచ్చినప్పుడు నాకు తగిలిన చిన్న రాయి పబ్లిక్ స్కీమా, అంటే టేబుళ్ళు మామూలుగా చేరే చోటు. 15 నుంచి మామూలు యూజర్‌కు అందులో టేబుల్ తయారు చేసే అనుమతి ముందే ఉండదు. యాప్ యూజర్‌ను డేటాబేస్‌కు ఓనర్‌గా పెట్టాను, పని సాగింది.

కరెంటు ఇప్పటికీ పోతుంది. ఈ ఐదేళ్ళలో లెక్కలేనన్నిసార్లు లాప్‌టాప్ నడుస్తూ నడుస్తూ ఆరిపోయింది. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు వాల్ అనే చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి లేచేటప్పుడు లాగ్‌లో రికవరీ వరుసలు నాలుగు కనిపిస్తాయి, తర్వాత కనెక్షన్లు తీసుకుంటుంది. డేటాలో ఒక్క వరుస కూడా పోలేదు. స్పీడు కోసం ఎఫ్‌సింక్ (రాసింది డిస్కుకు చేరేలా చూసే సెట్టింగ్) ఆఫ్ చేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి. అది ఆఫ్ చేస్తే ఈ భరోసా పోతుంది.

అయినా రాత్రి తొమ్మిదింటికి బ్యాకప్ తీసే పీజీ డంప్ దానంతటదే నడిచి పెన్‌డ్రైవ్‌లోకి పోతుంది. ఆదివారం పొద్దున దాన్ని ఖాళీ డేటాబేస్‌లో పోసి, ముందటి రోజు తక్‌పట్టీల మొత్తం సరిపోయిందో లేదో చూసుకున్నాకే టీకి దిగుతాను.