వుంట్ ముందా, జేమ్స్ ముందా? సైకాలజీ పుట్టుక చదవడానికి ఏది మేలు

సైకాలజీ హిస్టరీ ఎక్కడ మొదలెట్టాలి అంటే రెండు పేర్లు వస్తాయి, జర్మనీ విల్‌హెల్మ్ వుంట్, అమెరికా విలియం జేమ్స్. ఎగ్జామ్ కోసమే అయితే ఆలోచించక్కర్లేదు, 1879, లైప్‌జిగ్, వుంట్ లాబ్, సైకాలజీ ఫిలాసఫీ నుంచి విడిపోయింది, రాసేసి వచ్చేయొచ్చు.

కానీ ఆ కథ అంత సాఫీగా ఏం లేదు. వుంట్ లైప్‌జిగ్‌లో చేసింది ఫిలాసఫీ ప్రొఫెసర్ ఉద్యోగమే, లాబ్ రిజల్ట్స్ వేసుకోడానికి పెట్టిన జర్నల్ పేరు కూడా ఫిలాసఫీ పేరే, పైగా 1913 టైములో ఫిలాసఫీ పోస్టులు ఈ లాబ్ వాళ్ళకి ఇవ్వొద్దని ఫిలాసఫర్లు సంతకాలు పెట్టి గొడవ చేస్తే, రెండిటినీ విడగొట్టొద్దు అని రాసింది సాక్షాత్తూ ఈయనే. ఇది తెలిశాక వుంట్‌కి ఇచ్చే 'ఫాదర్ ఆఫ్ సైకాలజీ' బిరుదు కాస్త నవ్వొస్తుంది.

వుంట్‌తో లాభం ఏంటంటే పని ఎలా జరిగిందో కనిపిస్తుంది. లైటో సౌండో రాగానే మీట నొక్కాలి, సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచే క్రోనోస్కోప్‌తో టైము చూస్తారు, తర్వాత అదేంటో గుర్తుపట్టాకే నొక్కమంటారు, ఆ పెరిగిన టైమే గుర్తుపట్టడానికి పట్టిన టైము అని లెక్క. మనసుని కొలవలేం, కాబట్టి సైకాలజీ ఎప్పటికీ అసలైన సైన్స్ కాలేదు అని 1786లో జర్మన్ ఫిలాసఫర్ కాంట్ అన్నదానికి ఇది లాబ్‌లో ఇచ్చిన జవాబు. అలాగని అన్నీ కొలుస్తానని వుంట్ అనలేదు, భాష, మతం, ఆచారాలు లాబ్‌కి లొంగవని వాటి మీద విడిగా పది వాల్యూములు రాశాడు. చదవడం మాత్రం నరకం.

జేమ్స్ దీనికి పూర్తిగా రివర్స్. చదివింది మెడిసిన్, హార్వర్డ్‌లో ముందు ఫిజియాలజీ చెప్పాడు, తర్వాత ఫిలాసఫీ, మధ్యలో సైకాలజీ ప్రొఫెసర్, మళ్ళీ ఫిలాసఫీ. లాబ్ పని అంటే విసుగు, అది చూసుకోడానికి 1892లో జర్మనీ నుంచి మ్యూన్‌స్టర్‌బర్గ్ అనే సైకాలజిస్ట్‌ని రప్పించాడు. ఏడుస్తాం కాబట్టే బాధ కలుగుతుంది అనే ఆయన థియరీ మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, అంటే ఆయన వదిలేసిన ప్రశ్నలు ఇంకా బతికే ఉన్నాయి, వుంట్ టైమింగ్ లెక్కలు ఎక్కువగా మ్యూజియం సరుకు అయిపోయాయి (ఆ పద్ధతి మాత్రం పోలేదు, రియాక్షన్ టైమ్ ఇప్పటికీ వాడుతున్నారు).

అదే కాలం ఫిలాసఫర్ బ్రెంటానో కూడా ఉన్నాడు కానీ మొదటే ఆయన జోలికి వెళ్ళొద్దు, ఫిలాసఫీ అలవాటు లేకపోతే పది పేజీల్లో మూసేస్తారు.

నా ఓటు జేమ్స్‌కే. ఆయన 1890 నాటి పెద్ద పుస్తకం 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైకాలజీ' రెండు వాల్యూములు, 1892లో ఆయనే దాన్ని కుదించి ఇంకోటి వేశాడు, స్టూడెంట్లు పెద్దదాన్ని 'జేమ్స్' అని చిన్నదాన్ని 'జిమ్మీ' అని పిలిచేవాళ్ళు. జిమ్మీలో అలవాట్ల మీద చాప్టర్ ముందు చదవండి, ఆ తర్వాత వుంట్ దగ్గరికి వెళ్తే ఆ మీటలూ గడియారాలూ ఎందుకో అర్థమవుతుంది.