న్యూ ఓర్లీన్స్: బస ఎక్కడ, భయం ఎక్కడ

హ్యూస్టన్ నుంచి ఐ-10 ఎక్కి తూర్పుకి పోతే, అచఫలాయా చిత్తడినేలల మీద కట్టిన పద్దెనిమిది మైళ్ల వంతెన దాటుకుని, ఆరు గంటల లోపే న్యూ ఓర్లీన్స్ చేరిపోవచ్చు. టెక్సస్ తెలుగువాళ్లకి లాంగ్ వీకెండ్ అనగానే గుర్తొచ్చే ఊళ్లలో అదొకటి. వెళ్లొచ్చినవాళ్లని అడిగితే మాత్రం రెండు రకాల జవాబులొస్తాయి. కొందరు "సూపర్, తప్పకుండా వెళ్లాలి" అంటారు. మిగతావాళ్లు "ఫ్యామిలీతోనా? వద్దన్నా" అంటారు. 2025 మార్చిలో, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారినీ మామయ్యగారినీ, పిల్లల్నీ తీసుకుని వెళ్లాం. హోటళ్లు, రవాణా, చూసిన చోట్ల గురించి రాస్తూనే, ఆ "వద్దన్నా" అనే మాట ఆ ఊరికి ఎంత ఖర్చవుతోందో కూడా చెప్పాలనిపించింది.

మేం బుక్ చేసుకునే సమయానికి భయపడటానికి కారణం ఉంది. జనవరి 1 తెల్లవారుజామున మూడుంబావు ప్రాంతంలో, అద్దెకి తీసుకున్న పికప్ ట్రక్కుతో ఒకడు కెనాల్ స్ట్రీట్ నుంచి, ఊరి పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో బార్లతో నిండిన బర్బన్ స్ట్రీట్‌లోకి దూసుకొచ్చి 14 మందిని చంపాడు. వాహనాలని ఆపడానికి 2017లో పెట్టిన స్తంభాలు సరిగ్గా పనిచేయక, వాటిని తీసి కొత్తవి వేసే పని అప్పటికి ఇంకా పూర్తి కాలేదు. ఆ రోజు సూపర్‌డోమ్‌ స్టేడియంలో జరగాల్సిన కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ షుగర్ బౌల్‌ని మర్నాటికి మార్చారు. నలభై రోజులైనా తిరక్కముందే, ఫిబ్రవరి 9న, అక్కడే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ జరిగిపోయింది. జనాభా చూస్తే నాలుగు లక్షల లోపు. 2019లో వచ్చిపోయినవాళ్లు దాదాపు కోటీ తొంభై ఏడు లక్షలు. అలాంటి ఊరు పది రోజులు తలుపులు మూసుకుని కూర్చోలేదు.

అది ఉగ్రదాడి, ఏ ఊళ్లోనైనా జరగొచ్చు. న్యూ ఓర్లీన్స్‌కి పాతకాలం నుంచీ ఉన్న చెడ్డపేరు వేరే: తుపాకీ హత్యలు, కార్ల దొంగతనాలు. 1994లో ఆ ఊళ్లో 420కి పైగా హత్యలు జరిగాయి. తర్వాత తగ్గుతూ వచ్చి, 2019లో కొన్ని దశాబ్దాల్లోకెల్లా తక్కువ నమోదయ్యాయి. కోవిడ్ తర్వాత మళ్లీ ఎగబాకి, 2022లో 260 దాటి, జనాభా నిష్పత్తిలో అమెరికా పెద్ద నగరాల్లో మొదటి స్థానానికి చేరింది. ఇక 2024కి వచ్చేసరికి అందులో సగం కూడా లేవు. కానీ మామయ్యగారు యూట్యూబ్‌లో చూసొచ్చింది 2022 నాటి వీడియో. హత్యల లెక్క రెండేళ్లలో తగ్గింది, పేరు మాత్రం తగ్గలేదు. హోటల్ గదులు నిండేదీ నిండనిదీ ఆ పేరుని బట్టే.

బస విషయానికొద్దాం, ఎందుకంటే ఆ ఊళ్లో భద్రత అనే మాటకి అర్థమంతా అక్కడే ఉంది. మీ ముందు మూడు దారులుంటాయి. ఫ్రెంచ్ క్వార్టర్ లోపలి హోటళ్లు. కెనాల్ స్ట్రీట్ దాటాక సెంట్రల్ బిజినెస్ డిస్ట్రిక్ట్‌లోని పెద్ద హోటళ్లు. చుట్టూ ఉన్న మారిన్యీ, ట్రెమే, బైవాటర్ పేటల్లోని గెస్ట్‌హౌస్‌లూ, రోజువారీ అద్దె ఇళ్లూ. క్వార్టర్ లోపల దాదాపు అంతటా రోజువారీ అద్దె ఇళ్లు నిషేధం. ఎవరైనా "క్వార్టర్ పక్కనే" అని లిస్టింగ్ పెట్టారంటే అది రాంపార్ట్ స్ట్రీట్‌కో, ఎస్ప్లనేడ్ అవెన్యూకో అవతల ఉందని అర్థం చేసుకోవాలి. అవతల ఉంటే తప్పేం కాదు, కానీ అవతలే.

మేం దిగింది బిజినెస్ డిస్ట్రిక్ట్‌లో. పెద్ద హోటల్, రాత్రంతా లాబీలో సెక్యూరిటీ, పది దాటాక గది కార్డు చూపిస్తేనే లిఫ్ట్ దగ్గరికి పంపిస్తారు. పెద్దవాళ్లకి అది చాలా ధైర్యమిచ్చింది. గదులు మామూలే, బ్రేక్‌ఫస్ట్ అంతకంటే మామూలే. నొప్పి తెలిసేది వ్యాలే పార్కింగ్ (కారుని హోటల్ వాళ్లే తీసుకెళ్లి పెట్టేది) దగ్గర: రాత్రికి యాభై డాలర్ల పైనే. సొంత కారులో వెళ్లేవాళ్లు దీన్ని గది అద్దెలో భాగంగానే లెక్కేసుకోండి, వేరే మార్గం లేదు.

వేరే మార్గం వెతికిన వాళ్ల కథ కూడా చెబుతాను. మాతో పాటు బయల్దేరిన ఫ్రెండ్ కుటుంబం ఎస్ప్లనేడ్‌కి అవతల ఒక ఇల్లు తీసుకున్నారు. ఎత్తయిన సీలింగులు, ముందు వరండా, అద్దె మా హోటల్లో సగం. చూడగానే మాకే అసూయ పుట్టింది. కారు వీధిలో పెట్టుకోవాలి, అంతే. రెండో పొద్దున లేచి చూస్తే వెనక అద్దం పగిలి ఉంది. పోయింది డైపర్ల బ్యాగు. ఆ వరసలోనే ఇంకో రెండు కార్లకి కూడా అద్దాల్లేవు. ఇంటి యజమానికి మెసేజ్ పెడితే "సారీ, ఆన్‌లైన్‌లో పోలీస్ రిపోర్ట్ పెట్టుకోండి" అని ఒక లైన్ వచ్చింది. పక్కింటాయన మాత్రం చీపురు తెచ్చి గాజుముక్కలు ఊడ్చి, అద్దం వేసే షాపు ఎక్కడుందో చెప్పి, ప్లాస్టిక్ షీటు కూడా అతికించిపెట్టాడు. అద్దె మీద మిగిలిన డబ్బంతా ఆ అద్దానికే సరిపోయింది.

పోలీసులు రాలేదని ఆ ఫ్రెండ్‌కి ఇప్పటికీ కోపం. ఆ ఊళ్లో ఉండేవాళ్లకైతే అది వార్తే కాదు. ఒకప్పుడు పదిహేను వందలకి పైగా ఉన్న పోలీసు బలగం 2022 నాటికి వెయ్యి లోపుకి పడిపోయింది. ఆ ఏడాది ఫోన్ చేశాక పోలీసులు రావడానికి సగటున రెండు గంటలకి పైగా పట్టింది. అలాంటప్పుడు పగిలిన కారు అద్దం కోసం ఎవరొస్తారు?

క్వార్టర్ సంగతి వేరు. అక్కడ పర్యాటకుడి భద్రతకి విడిగా బడ్జెట్ ఉంది. క్వార్టర్‌లో జరిగే అమ్మకాల మీద పావు శాతానికి కాస్త తక్కువగా అదనపు పన్ను వేసి, ఆ డబ్బుతో అదనపు గస్తీ పెట్టుకున్నారు. సిటీ పోలీసులకి తోడు 2024 నుంచి లూసియానా రాష్ట్ర పోలీసుల ప్రత్యేక దళం కూడా ఊళ్లో ఉంటోంది. మేం వెళ్లినప్పుడు బర్బన్ స్ట్రీట్ మొదట్లో అడ్డుగా వాహనాలు, బారికేడ్లు, మూలమూలనా యూనిఫాంలు. మామయ్యగారు "ఇంతమంది పోలీసుల మధ్య భయమేముంది?" అన్నారు. ఆ మాటని వెనక్కి తిప్పి చూస్తే అసలు సంగతి బోధపడుతుంది: ఇంతమంది ఇక్కడుంటే, మిగతా ఊళ్లో ఎంతమంది ఉన్నట్టు?

తుపాకీ హత్యల్లో ఎక్కువ భాగం పర్యాటకులు అడుగుపెట్టని పేటల్లో జరుగుతాయి. చనిపోయేవాళ్లలో అత్యధికులు అక్కడే పుట్టి పెరిగిన నల్లజాతి యువకులు. మనకి కాఫీ పోసేవాళ్లు, పక్కలు సర్దేవాళ్లు, రాత్రి రెండింటి దాకా ట్రంపెట్ ఊదేవాళ్లు ఇళ్లకి వెళ్లేది ఆ పేటలకే. మా హోటల్ రిసెప్షన్‌లో ఉండే ఆవిడ మామయ్యగారిని కూడా "బేబీ" అని పిలిచేది. ఆ ఊళ్లో ఎవరినైనా అలాగే పిలుస్తారు. ఆయన మొదట ఉలిక్కిపడ్డారు గానీ, తర్వాత ఆ పిలుపు కోసమే రెండు మూడుసార్లు టవళ్లు అడిగారని మా అనుమానం. ఆవిడ షిఫ్ట్ ముగిసేది రాత్రి పదకొండింటికి. బస్సు కోసం బయట నిలబడటం ఇష్టంలేక, జీతంలోంచి డబ్బు పెట్టి రోజూ ఊబర్‌లో వెళ్తానని చెప్పింది. మనం వ్యాలేకి కట్టే యాభై డాలర్ల లాంటిదే ఆవిడ కట్టే ఊబర్ కూడా. కాకపోతే మనది నాలుగు రోజుల ముచ్చట, ఆవిడది ఏడాది పొడవునా.

ఇక తిరిగిన చోట్లు. పగలు క్వార్టర్ అంతా హాయిగా నడిచి చూడొచ్చు. జాక్సన్ స్క్వేర్, సెయింట్ లూయిస్ కథీడ్రల్, రాయల్ స్ట్రీట్‌లో ఇనుప జాలీల బాల్కనీలు. 1862 నుంచి నడుస్తున్న కఫే డు మోండ్‌లో, పొడి చక్కెర కుప్పపోసిన బెన్యేలు (నూనెలో వేయించిన పిండివంట), చికోరీ కలిపిన పాలకాఫీ. అత్తయ్యగారు శాకాహారి కాబట్టి ఆ ఊళ్లో ఆవిణ్ని కాపాడింది ఆ బెన్యేలే. రెడ్ బీన్స్ అండ్ రైస్ పేరు చూసి మోసపోకండి, దాదాపు అన్నిచోట్లా అందులో మాంసం వేసి వండుతారు. బర్బన్ స్ట్రీట్ మాత్రం పిల్లలతో చీకటిపడే లోపు ఒకసారి అటు నుంచి ఇటు నడిస్తే చాలు. అక్కడ "నీ బూట్లు ఎక్కడివో చెప్తా, ఇరవై డాలర్లు పందెం" అంటూ ఒకడొస్తాడు. జవాబేంటంటే "నీ కాళ్లకున్నాయి, బర్బన్ స్ట్రీట్‌లో ఉన్నాయి." నవ్వేసి నడిచిపొండి, ఆగితే వాడు ఊరుకోడు.

ఆ వీధిలో ప్లాస్టిక్ గ్లాసులో మందు పట్టుకుని బహిరంగంగా తాగుతూ నడవచ్చు. 2024 జూలై 4 నుంచి లూసియానాలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు పర్మిట్ లేకుండానే తుపాకీని బట్టల్లో దాచుకుని తిరగొచ్చు. ఈ రెండూ ఒకే వీధిలో కలిస్తే ఎలా ఉంటుందో నేను ఊహించదలచుకోలేదు. ఆ వీధిలో 2014లోనూ 2016లోనూ గుంపు మధ్యలో కాల్పులు జరిగి ఒక్కోసారీ ఒక్కొక్కరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. రెండుసార్లూ జరిగింది అర్ధరాత్రి దాటాకే.

సెయింట్ చార్ల్స్ స్ట్రీట్‌కార్ ఆ ఊళ్లో డబ్బుకి అత్యంత విలువైన సర్వీసు. 1835 నుంచి నడుస్తున్న లైను, టికెట్ డాలరుంబావు, మూడు డాలర్లిస్తే రోజంతా బస్సులు, స్ట్రీట్‌కార్‌లు. గార్డెన్ డిస్ట్రిక్ట్ మీదుగా పోతుంటే ఓక్ చెట్ల కొమ్మలకి మార్డీ గ్రా పండగ ఊరేగింపుల్లో విసిరిన పూసలు ఇంకా వేలాడుతున్నాయి, పండగ అయిపోయి ఎన్నో రోజులు కాలేదు. 2022లో పోలీసులు చాలక ఆ ఊరేగింపుల దారులనే కుదించారు. మరుసటి ఏడాది చుట్టుపక్కల షెరిఫ్ ఆఫీసుల నుంచి మనుషుల్ని తెచ్చుకుని పూర్తి దారి తిరిగి ఇచ్చారు. ఆ ఏడాదే సెయింట్ చార్ల్స్ అవెన్యూ మీద ఊరేగింపు జరుగుతుండగా కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. ఊరికి అన్నం పెట్టే పండగనే పోలీసుల లెక్క చూసుకుని చేసుకోవాల్సి వచ్చిందంటే, నేరం పర్యాటకాన్ని ఎక్కడ పట్టుకుంటుందో చూడండి.

సెయింట్ లూయిస్ స్మశానం నంబర్ 1 లోకి 2015 నుంచి లైసెన్స్ ఉన్న గైడ్‌తోనే పంపిస్తున్నారు. కారణం సమాధుల విధ్వంసం. వూడూ రాణిగా పేరుపడ్డ మేరీ లావో సమాధిగా చెప్పుకునే దానికి ఎవరో గులాబీ రంగు పూసేశారు. మాకు దొరికిన గైడ్ బాగా చెప్పాడు, పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది. రెండో ప్రపంచయుద్ధ మ్యూజియానికి మాత్రం పూర్తిగా ఒక రోజు వదలండి. మామయ్యగారిని అక్కణ్నుంచి కదిలించడం మా వల్ల కాలేదు.

ట్రెమేకి వెళ్లొద్దని హోటల్లో ఒకరు, ఫోన్లో ఇద్దరు చెప్పారు. అయినా మధ్యాహ్నం కారులో ఓర్లీన్స్ అవెన్యూలోని డూకీ చేజ్ రెస్టారెంట్‌కి వెళ్లాం. 1941 నుంచి ఉన్న చోటు, పౌరహక్కుల ఉద్యమకారులు కూర్చుని మాట్లాడుకున్న చోటు. ఫ్రైడ్ చికెన్ అంత బాగా ఊళ్లో ఇంకెక్కడా తినలేదు. గోడల నిండా చిత్రాలు, తొందరపెట్టని సర్వీసు. తినేసి నేరుగా కారెక్కాం. ఆ పేటలో చుట్టుపక్కల ఇంకేముందో చూడనే లేదు, ఇంకెక్కడా ఒక్క డాలరు ఖర్చుపెట్టలేదు.

మారిన్యీలోని ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్‌లోనూ అంతే. అసలైన జాజ్ వినాలంటే బర్బన్ కంటే ఇదే మేలు. చిన్న చిన్న క్లబ్బులు, చాలావాటికి టికెట్ ఉండదు, ఒక డ్రింక్ తీసుకుని బ్యాండ్ వాళ్ల బకెట్లో టిప్ వేయాలి. పాట ఊపందుకునే వేళకి మేం గడియారం చూసుకున్నాం, పదిన్నర. క్వార్టర్ చివర వీధులు అప్పటికి ఖాళీ అవుతాయని విని, మైలుంబావు దూరానికి ఊబర్ పిలిచాం. మాలాగే ఇంకో మూడు నాలుగు టేబుళ్లు లేచాయి. రెండో సెట్‌కి (విరామం తర్వాత వాయించే పాటలకి) బకెట్లో పడాల్సిన టిప్పులు కాస్తా ఊబర్‌కి పోయాయి. భయం వల్ల పర్యాటకుడు రావడం మానెయ్యడు, నాలుగు వీధుల్లోనే తిరుగుతాడు. పెద్ద హోటళ్లకీ వ్యాలేకీ వచ్చిన లోటు లేదు. నష్టపోయేది ఆ వీధుల అంచున ఉన్న క్లబ్బు, గెస్ట్‌హౌస్, లంచ్ హోటల్.

పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్లేవాళ్లకి బిజినెస్ డిస్ట్రిక్ట్ హోటలే చెబుతాను. ఇద్దరే వెళ్తే, లేదా ఇంతకుముందు చూసిన ఊరైతే, మారిన్యీలో గెస్ట్‌హౌస్ తీసుకోండి. ఫ్రెంచ్‌మెన్ నుంచి నడిచి రావచ్చు, రెండో సెట్ వినొచ్చు, అద్దె కూడా అక్కడి మనిషికే చేరుతుంది. బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: పార్కింగ్ గేటు లోపలా, వీధిలోనా? వీధిలో అయితే కారులో ఖాళీ సంచి కూడా ఉంచొద్దు, డాష్‌బోర్డు సొరుగు తెరిచే పెట్టండి. లేదా కారు హ్యూస్టన్‌లోనే వదిలి విమానంలో వెళ్లండి. ఎయిర్‌పోర్ట్ నుంచి క్వార్టర్‌కి ట్యాక్సీ ఇద్దరికి 36 డాలర్లు, ఫిక్స్‌డ్ రేటు, వ్యాలేలో ఒక్క రాత్రికయ్యేదానికంటే తక్కువ.