సువాసన చెత్త సంచులు కొనేవారికి హెచ్చరిక: తిరుపతిలో నా అనుభవం

వంటింటి చెత్త కంపుతో విసిగిపోయి, ‘వాసన రానివ్వని బయోడిగ్రేడబుల్ సంచులు’ అంటూ మల్లె పరిమళంతో అమ్ముతున్న చెత్త సంచులను కొనాలనుకుంటున్న తిరుపతి వాసులు డబ్బు చెల్లించే ముందు దయచేసి ఇది చదవండి.

మే నెలలో ముప్పై సంచుల ప్యాకెట్టును 180 రూపాయలకు కొన్నాను. మామూలు నల్ల సంచుల కంటే ఇది దాదాపు రెట్టింపు ధర అయినా, మట్టిలో కలిసిపోతుందని, కంపు బయటికి రాదని దుకాణదారు గట్టిగా చెప్పడంతో నమ్మాను. ఒక ఆదివారం చేపలు కడిగిన వ్యర్థాలు, పాచిపోయిన పప్పు, మిగిలిన మజ్జిగన్నం అందులో వేసి, మూతి బిగించి, మదనపల్లెలో బంధువుల ఇంటికి వెళ్ళాము. బుధవారం వచ్చి తలుపు తీయగానే మల్లె వాసన, నీచు కంపు కలిసి కడుపులో తిప్పింది. సంచిని మూడో అంతస్తు నుంచి కిందికి దింపుతుండగా అడుగున అతుకు విడిపోయి, గోధుమరంగు జిగట నీరు మెట్లపై ధారగా కారి, కింది ఇంటి పెద్దావిడ అప్పుడే వేసిన ముగ్గు మీద పడింది. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా బకెట్టుతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదలలేదు.

చేప, మాంసం, పప్పు వంటివి గాలి ఆడనిచోట తడిగా కుళ్ళినప్పుడు సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్, అమ్మోనియా వంటి వాయువులను వెలువరిస్తాయి. సంచికి అద్దిన అత్తరు వాటిని తొలగించదు, కాసేపు కప్పిపుచ్చుతుంది, అంతే. మన ఎండల్లో ఈగ గుడ్లు ఒక్క రోజులోపే పొదుగుతాయి కనుక డబ్బా అడుగున తెల్లటి పురుగులు కనిపించడంలో వింత లేదు.

ఆ తరువాత ప్యాకెట్టును తిప్పి చూస్తే తయారీదారు చిరునామా గాని, ఫిర్యాదు చేయవలసిన నెంబరు గాని లేవు. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, కంపోస్టబుల్ (కుళ్ళి ఎరువుగా మారే) క్యారీ బ్యాగులు ఐఎస్ 17088 అనే భారతీయ ప్రమాణానికి లోబడి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం పొంది ఉండాలి. మట్టిలో కలిసిపోతుందని చెప్పి సంచి అమ్మేవారిని ఆ ధ్రువపత్రం నెంబరు అడగండి. ఆకుపచ్చ రంగు, ఆకు బొమ్మ చూసి మోసపోకండి. నేను చూసింది ఆ రెండే.

ఇప్పుడు మా ఇంట్లో సంచి లేదు. తడి చెత్తను జల్లెడ గిన్నెలో వేసి నీరు ఓడ్చి, పాత దినపత్రికలో చుట్టి, ఏ రోజుది ఆ రోజే కార్పొరేషన్ బండికి ఇస్తున్నాము. చేపల వ్యర్థాలనైతే బండి వచ్చేదాకా గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రీజరులో ఉంచుతాము. ఇది కొందరికి నచ్చకపోవచ్చు గాని, కంపును మొదట్లోనే ఆపింది ఈ పద్ధతే. చెత్త డబ్బాను సబ్బు నీళ్ళతో రుద్ది కడిగి, మిద్దె మీద ఎండలో బోర్లించి, పూర్తిగా ఆరాక అడుగున కాస్త వంట సోడా చల్లుతాము.

ఒక ప్రమాదం గురించి కూడా చెప్పాలి. ఆ రోజు కంగారులో మెట్ల మీద బ్లీచింగ్ పౌడరు చల్లి, దానిపైనే మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ పోయబోయాను. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు పుడుతుంది. ఎంత కంపు కొట్టినా ఆ పని చేయవద్దు.

దుకాణదారు సంచులను వెనక్కి తీసుకోలేదు. బిల్లు అడగకపోవడం నా తప్పేనని ఒప్పుకుంటున్నాను. మీలో ఎవరైనా ఇవే సంచులను బిల్లుతో కొని నష్టపోయి ఉంటే, ప్యాకెట్టు పారేయకుండా రెండువైపులా ఫోటో తీసి, జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నెంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి.